గుర్రం ఇంటికొచ్చే లైను

మా ఆయన పేరు రామకోటేశ్వరరావు. విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో ప్రశ్నపత్రాలకి కీ సరిచూసే ఉద్యోగం. పిల్లలు రాయబోయే పరీక్షలోని లెక్కలన్నీ ముందు ఈయన చేసి, కీలో ఇచ్చిన జవాబు తప్పయితే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాలి. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. ఒప్పులు ఎన్ని ఉన్నాయని ఎవరూ అడగరు. తప్పు ఒక్కటి జారిపోతే మాత్రం పిలిచి నిలబెట్టి మాట్లాడతారు. రోజంతా అలాంటి పని చేసిన మనిషి ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని టీవీ చూస్తాడనుకుంటాం. ఈయన స్నానం చేసి, లుంగీ కట్టుకుని, మళ్ళీ తప్పులే వెతుకుతారు. ఈసారి చదరంగంలో.

ఆ పని ఏమిటో ఒకరికి చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఎదురింటి శౌరమ్మగారు అడిగితే "చెస్ పుస్తకం రాస్తున్నారండీ" అనేదాన్ని. అచ్చయ్యాక మా మనవడికో కాపీ ఇవ్వండి అనేది ఆవిడ. అది అచ్చయ్యే పుస్తకం కాదు. కంప్యూటర్లో చెస్ ఆడే ప్రోగ్రాములుంటాయి. ఆట ముదిరాక అవి ఎంతటివాణ్ణయినా చిత్తు చేస్తాయి కానీ, పావులన్నీ బారులు తీరి ఉన్న మొదట్లో వాటికి ఒకప్పుడు దిక్కు తోచేది కాదు. అందుకని మొదటి పది పదిహేను ఎత్తులు మనిషే రాసిపెట్టేవాడు. అవతలివాడు ఇది వేస్తే నువ్వు ఇది వెయ్యి, అది వేస్తే ఇది వెయ్యి అని వేలకొద్దీ దారులు. ఒక్కో దారినీ లైను అంటారు, అన్నిటినీ కలిపి ఓపెనింగ్ బుక్ అంటారు. మా ఆయన ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నది అదీ.

రాయడం ఒక ఎత్తయితే ఆడించి చూడడం పది ఎత్తులు. పాత ప్రోగ్రామునీ కొత్త ప్రోగ్రామునీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకే లైను మీద ఒకసారి దీనికి తెల్లపావులు, ఇంకోసారి దానికి తెల్లపావులు ఇచ్చి వందలసార్లు ఆడిస్తారు. మా అమ్మాయి సాయిశ్రీ పెళ్ళయి కాకినాడ వెళ్ళాక దాని గది ఈ ఆటలకే పోయింది. రెండు పాత కంప్యూటర్లు, వాటికో టేబుల్ ఫ్యాను. మే నెలలో మా సత్యనారాయణపురంలో మనుషులు ఉడికిపోతుంటారు, ఆ రెండు డబ్బాలకి మాత్రం గాలి కావాలి. ఆయన కాలేజీకి వెళ్ళాక వాటికి కాపలా నేను. కరెంటు పోయి వస్తే మళ్ళీ నడిపించాలి. పదకొండింటికోసారి, మూడింటికోసారి ఎన్ని ఆటలయ్యాయో గోడ క్యాలెండర్ మీద రాయాలి. తిథులూ వర్జ్యాలూ చూసుకోవడానికి కొన్న క్యాలెండర్ అది. నాకు చెస్ రాదు. గుర్రం ఎలా దూకుతుందో తెలుసు, అంతకు మించి తెలుసుకోవాలని ఏనాడూ అనిపించలేదు.

కాపలా కాసీ కాసీ ఆయన పద్ధతి మాత్రం తెలిసిపోయింది. ప్రతి లైను ఎదుటా రెండు అంకెలుంటాయి. ఎన్ని ఆటలు ఆడారో ఒకటి, నూటికి ఎన్ని పాయింట్లు వచ్చాయో ఇంకొకటి. బాగున్నదానికి పచ్చగుర్తు పెడతారు, ప్రోగ్రాము దాన్ని ఆడుతుంది. బాగాలేనిదానికి ఎర్రగుర్తు. ఎర్రగుర్తు పడ్డ లైను జోలికి ప్రోగ్రాము చచ్చినా వెళ్ళదు. ఒకసారి పెట్టిన గుర్తుని ఈయన మళ్ళీ మార్చడం నేను చూడలేదు.

మనుషుల విషయంలోనూ అంతే. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

ఈయన సొంతూరు మైలవరం పక్కన. ఇంటర్ చదివేటప్పుడు మైలవరంలో బసవపున్నయ్యగారని ఒకాయన ఎరువుల కొట్టు నడిపేవారు. యూరియా బస్తాల మధ్య బల్ల వేసి, దాని మీద గళ్ళు పెయింటు చేయించి, వచ్చినవాళ్ళతో చదరంగం ఆడేవారు. మా ఆయనకి ఆట నేర్పింది ఆయనే. నేర్పడమంటే అలా ఇలా కాదు. సొంతంగా లైన్లు కనిపెట్టి, అట్ట వేసిన పొడుగు నోటుపుస్తకంలో రాసి ఇచ్చారు. అందులో అన్నిటికంటే ఇష్టమైనది ఒకటుంది. నల్లపావులవాడు ఆరో ఎత్తులో ఒక బంటుని ఊరికే ఇచ్చేస్తాడు. ఎనిమిదో ఎత్తులో, అంత దూరం వెళ్ళిన గుర్రాన్ని వెనక్కి తెచ్చి మొదట ఉన్న గడిలోనే నిలబెడతాడు. చూసినవాళ్ళు నవ్వేవారట. "నవ్వనీరా కోటీ. నవ్వుతా నవ్వుతా వాడే ముందుకొస్తాడు, అప్పుడు చూద్దాం" అనేవారట బసవపున్నయ్యగారు. గుర్రం ఇంటికొచ్చే లైను అని దానికి పేరు.

తొంభై ఒకటిలో ఏలూరులో రాష్ట్ర పోటీలు జరిగాయి. ఈయనకి ఇరవై రెండేళ్ళు. ఆఖరి ఆట డ్రా చేసుకున్నా చాలు, రాష్ట్ర జట్టులో చోటు ఖాయం. చేతికి నల్లపావులొచ్చాయి. ఈయన గురువుగారి లైనే ఆడారు. ముప్ఫై నాలుగు ఎత్తుల్లో ఓడిపోయారు. మర్నాడు పొద్దున్నే మైలవరంలో బస్సు దిగి, నేరుగా కొట్టుకెళ్ళి, రైతులందరి ముందూ ఆ నోటుపుస్తకాన్ని బల్ల మీదకి విసిరేసి, "మీ పిచ్చి లైను నా కొంప ముంచింది. ఇంక జన్మలో మీ మొహం చూడను" అని వచ్చేశారు. ఆ తర్వాత ఒక్క పోటీలో కూడా కూర్చోలేదు.

పెళ్ళయిన వారానికే నాకు ఈ కథ చెప్పారు. మా తమ్ముడికి చెప్పారు, అల్లుడికి చెప్పారు. ప్రతిసారీ అవే మాటలు, అదే వరస. వినీ వినీ నాకు అప్పజెప్పడం వచ్చేసింది. పుస్తకం విసరడం దగ్గర మాత్రం నాకు ప్రతిసారీ సిగ్గేసేది.

పదకొండేళ్ళ క్రితం బసవపున్నయ్యగారి భార్య రావమ్మగారు పోయారు. కబురొచ్చింది. ఈయన కదల్లేదు. కాలేజీలో మోడల్ పరీక్షలన్నారు. పెద్దకర్మకి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఎవరూ నన్ను ఎరగరు. ఫలానా అని చెప్పుకుంటే ఆ పెద్దాయన నా వైపు చూసి, "వాడు బాగున్నాడా అమ్మా?" అన్నారు. అంతే, ఇంకొక్క మాట లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కొండపల్లి దాటేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. ఇంటికొచ్చి ఈయన మీద అరిచాను. ఈయన పచ్చగుర్తులు పెట్టుకుంటూ కూర్చున్నారు. ఆ పెద్దాయన ఉండగా ఒక్కసారి ఈ మనిషిని తీసుకెళ్ళి ఆయన ముందు నిలబెట్టాలని ఆ రోజే అనుకున్నాను. ఎలాగో మాత్రం తెలియలేదు.

నిరుడు జనవరిలో సింధూరి ఫోన్ చేసింది. ఆ అమ్మాయిది హనుమాన్ జంక్షన్. ఇంట్లో కూర్చుని ఏదో కంపెనీకి పని చేస్తూ, ఖాళీ వేళల్లో చెస్ ప్రోగ్రాము రాసుకుంటుంది. దాని పేరు గోరింక. పదేళ్ళుగా గోరింకకి బుక్కు రాసేది మా ఆయనే. ఎప్పుడూ స్పీకర్లో పెట్టి మాట్లాడతారు కాబట్టి నాకూ వినబడింది.

"సార్, ఎలా చెప్పాలో తెలీట్లేదండీ. ఇప్పుడు గోరింకకి బుక్ అక్కర్లేదు సార్. మొదటి ఎత్తు నుంచీ దానంతటదే ఆడేస్తోంది. మీ బుక్ పెట్టినా తీసేసినా ఒకేలా వస్తోంది."

ఈయన పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టారు.

"ఇంకో సంగతి సార్. మీ పచ్చగుర్తుల మీద టెస్టు పెడితే నూటికి తొంభై ఏడు డ్రాలే. పాతది గట్టిదో కొత్తది గట్టిదో తేలట్లేదు. కొంచెం వంకరవి కావాలండీ. ఒకవైపువాడికి ఇబ్బందిగా ఉండాలి, అలాగని చచ్చిపోకూడదు. గెలుస్తాడా డ్రా అవుతుందా అని చివరిదాకా తెలీకూడదు."

"అట్లాంటివన్నీ ఏరి పారేశా కదమ్మా ఇన్నాళ్ళూ."

"అవే కావాలి సార్. మీ ఎర్రగుర్తుల ఫైలు మొత్తం పంపండి."

ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగారు. "ఇరవై రెండేళ్ళు వండిన అన్నం వద్దంట ఛాయా, గిన్నె అడుగు మాడు కావాలంట" అన్నారు. నవ్వబోయి ఆయన మొహం చూసి మానేశాను. నిజం చెప్పొద్దూ, నాకూ నీరసం వచ్చింది. ఆ పుస్తకం కోసం ఎన్ని ఎండాకాలాలు ఆ గదిలో ఫ్యాను కింద కూర్చున్నానో నాకు తెలుసు. ఆ పిల్ల మీద కోపం రాలేదు, అది ఉన్నమాటే చెప్పింది.

ఎర్రగుర్తులు నాలుగువేల పైచిలుకు. సింధూరి వాటిని వడగట్టి, బొత్తిగా పనికిరానివి తీసేసి, మూడొందల పన్నెండు వెనక్కి పంపింది. ఒక్కోదాన్నీ నాలుగొందల ఆటలు ఆడించి చూడాలి. ఫిబ్రవరిలో మొదలుపెట్టాం. మళ్ళీ అదే కాపలా, మళ్ళీ అదే క్యాలెండర్. ఈయన కాలేజీ నుంచి వచ్చి, నేను రాసిన అంకెలు చూసి, చొక్కా విప్పకుండానే కుర్చీలో కూలబడేవారు. ఇదివరకు ఒక లైను బాగా వస్తే నన్ను పిలిచి చూపించేవారు. ఇప్పుడు ఏమొచ్చినా సరేననేవారు, రాకపోయినా సరేననేవారు.

ఏప్రిల్ నెలాఖరున ఒక పొద్దున కాలేజీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగారు. "ఇయ్యాళ మైలవరంది వస్తుంది. దాన్ని దాటించెయ్. అది సున్నా."

గురువుగారి లైనుకి ఫైల్లో ఆయన పెట్టిన పేరు మైలవరం. నేను వెళ్ళి తెర మీద ఆ వరస చూశాను. పాయింట్లు సున్నా, నిజమే. కానీ పక్కన ఆటల సంఖ్య చూస్తే ఒకటి. మిగతా ప్రతి లైనుకీ వందల్లో ఉంటాయి, దీనికి ఒక్కటి.

"ఏమండీ, దీనికి ఒక్క ఆటే ఉందేంటి?"

"నాదే. ఏలూరులో ఆడింది. ఎత్తులన్నీ గుర్తే, దాన్నే ఎక్కించా."

"మరి తర్వాత ఎప్పుడూ ఆడించలేదా?"

"ఎర్రగుర్తు ఉందిగా, ఎట్లా ఆడుద్ది?"

"గుర్తు ఎవరు పెట్టారు?"

ఈయన చెప్పులేసుకుంటున్నారు. ఒక చెప్పు వేసుకుని రెండోది వెతుక్కున్నారు, అది కాలి ముందే ఉంది. "టైమైంది" అని వెళ్ళిపోయారు.

నాకు చెస్ రాదన్నాను కదా. ఇది అర్థం కావడానికి చెస్ రానక్కర్లేదు. ఒక్క ఆట ఓడారు. దాన్ని చూసి ఎర్రగుర్తు పెట్టారు. ఎర్రగుర్తు ఉంది కాబట్టి ఇంకెవరూ ఆడలేదు. ఎవరూ ఆడలేదు కాబట్టి సున్నా సున్నాగానే ఉండిపోయింది. ఆ సున్నాని చూపించి ఇరవై రెండేళ్ళుగా చూశారా నేను చెప్పలేదా అంటున్నారు. ఊళ్ళో పిల్లల పరీక్షల్లో ఎక్కడెక్కడి తప్పులూ పట్టే మనిషికి ఇంట్లో పెట్టుకున్న ఈ తప్పు కనబడలేదు. నాకు ఒళ్ళు మండింది. దాటించే మీట ఎక్కడుందో నాకు బాగా తెలుసు. నొక్కలేదు.

ఆ రోజు కరెంటు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ లేచి నడిపించాను. మధ్యాహ్నం అన్నం కంచం కూడా ఆ గదిలోకే తెచ్చుకున్నాను. నాలుగున్నరకి నాలుగొందలూ పూర్తయ్యాయి. తెల్లవాడు గెలిచినవి నూట యాభై ఒకటి. నల్లవాడు గెలిచినవి రెండు. డ్రాలు రెండొందల నలభై ఏడు. క్యాలెండర్ మీద రాశాను. ఆ ఏడు ఒకటిలా పడితే కొట్టేసి మళ్ళీ రాశాను. ఏలూరులో ఆయనకి కావలసింది ఒక్క డ్రా.

ఆయనొచ్చి క్యాలెండర్ చూశారు. దాటించమన్నాను కదా అని కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. "ఎక్కడో పొరపాటు జరిగింది. కరెంటు పోయినప్పుడు ఫైలు తారుమారయ్యుంటది" అన్నారు. మళ్ళీ ఆడించారు. డ్రాలు రెండొందల నలభై. ఒక్కో ఎత్తుకీ ఇంకా ఎక్కువ టైమిచ్చి ఆడించారు. డ్రాలు పెరిగాయి. గోరింక కాకుండా వేరే ప్రోగ్రాములతో ఆడించారు. అదే లెక్క. ఇలా పది రోజులు. అన్నం సరిగా తినరు, మాట్లాడరు. కాలేజీలో ఒక కీలో తప్పు వదిలేసి మాట పడి వచ్చారు. ఇరవై ఆరేళ్ళలో అది మొదటిసారి.

"యంత్రాలైతే ఆ లైనుని నిలబెడతాయి, మనిషి నిలబెట్టగలడా ఛాయా?" అన్నారు పదో రోజు. నన్ను అడుగుతున్నట్టు లేదు.

"మీ ఆట చూసుకోండి, తెలుస్తుంది" అన్నాను.

ఈయన చూడని ఆట లేదు. రష్యావాళ్ళవి, హంగేరీవాళ్ళవి, పేర్లు పలకడం కూడా రానివాళ్ళవి లక్షల ఆటలు కంప్యూటర్ చేత తప్పులు పట్టించి చూశారు. ఆ ఒక్క ఆట మాత్రం ఎక్కించి వదిలేశారు. చూడక్కర్లేదు, తెలుసు అనేవారు. ఆదివారం మధ్యాహ్నం, నేను పక్కనే కందిపప్పు బాగుచేసుకుంటుంటే, దాన్ని తెరిచారు.

ఒక్కో ఎత్తూ నొక్కుతూ పోయారు. ప్రతి ఎత్తుకీ పక్కన అంకె వస్తుంది, ఎవరికి ఎంత మొగ్గు ఉందో చెబుతూ. గురువుగారు రాసిచ్చింది పధ్నాలుగో ఎత్తుతో అయిపోయింది. అక్కడ నల్లవాడికి కొంచెం ఇబ్బంది, అంతే. పదిహేను, పదహారు, పదిహేడు. ఇబ్బంది తగ్గుతూ వచ్చింది. పద్దెనిమిదో ఎత్తుకి అంకె దాదాపు సున్నా. సున్నా అంటే సమానం. తర్వాతి ఎత్తు నొక్కారు. అంకె ఒక్కసారిగా పెద్దదైపోయింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి నొక్కారు. మళ్ళీ అదే.

"పంతొమ్మిదో ఎత్తులో బంటుని తీసుకున్నా" అన్నారు. "ఊరికే వచ్చిందనుకున్నా. తీసుకోకుండా ఉంటే డ్రా." అంకె మీద వేలు పెట్టి, "పంతొమ్మిదోది ఆయన పుస్తకంలో లేదు. అది నాదే" అన్నారు.

ముప్ఫై ఏళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది. సంతోషంగా ఉండాలి కదా. ఆ మనిషి భుజాలు చూస్తే నాకు ఏమీ అనాలనిపించలేదు. చేట పక్కన పెట్టి, లేచి టీ పెట్టాను. టీ తాగి, "రేపు మైలవరం వెళ్దాం" అన్నారు ఆయనే.

కాలేజీకి సెలవు పెట్టారు. పొద్దున పదిన్నర బస్సు. దారంతా కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. జి.కొండూరు దాటాక, "ఏమని మొదలుపెట్టను?" అని అడిగారు. "చేసిన పని చెప్పండి, చాలు" అన్నాను. ఆ పెద్దాయన బతికే ఉన్నారో లేదో కూడా కనుక్కోలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. మైలవరంలో దిగేదాకా ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఉన్నారు. కొట్టు స్థలంలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. వెనక ఇంట్లో కూతురు రాజ్యలక్ష్మి తండ్రిని చూసుకుంటోంది. రావమ్మగారి పెద్దకర్మలో చూసింది కదా, నన్ను గుర్తుపట్టింది. పెద్దాయన వరండాలో నవారు మంచం మీద కూర్చున్నారు. ఎనభై మూడేళ్ళు. రెండు కళ్ళకీ శుక్లాలు తీయించినా చూపు సరిగా రాలేదట.

ఈయన మంచం ఎదురుగా నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఎవరూ?"

"నేనండీ. కోటేశ్వరరావుని."

పెద్దాయన చెయ్యి చాపి ఈయన మోచెయ్యి పట్టుకున్నారు. "కోటీ. ఏరా, ఎట్టా ఉన్నావు?"

"మాస్టారూ, మీ లైను ఆడించి చూశానండీ. కంప్యూటర్లో. వేల ఆటలు." ఈయన మంచం మీదకి వంగారు. "మీ లైను మంచిదేనండీ. నేనే... పంతొమ్మిదో ఎత్తులో..."

"బంటు తీసుకున్నావు" అన్నారు బసవపున్నయ్యగారు.

రాజ్యలక్ష్మి నా వంక చూసింది, నేను ఆమె వంక చూశాను.

"నువ్వు విసిరిన పుస్తకంలోనే ఉందిరా నీ స్కోరు కాయితం, ఆ ఆట ఎత్తులన్నీ రాసుకున్నది. ఆ సాయంత్రం కొట్టు కట్టేశాక బల్ల మీద పేర్చి చూశా. పద్దెనిమిది దాకా ఎంత బాగా ఆడావో! నేనయితే అంత బాగా ఆడేవాణ్ణి కాదు. పంతొమ్మిదోది చూసి అయ్యో అనుకున్నా."

"మరి అప్పుడే నన్ను నాలుగు తన్ని చెప్పలేకపోయారా అండీ?"

"ఎందుకు చెప్పటం? కుర్రోడివి. తప్పు నీదని తెలిస్తే దిగులు పడి ఆట మానేస్తావేమోనని భయమేసింది. నన్ను తిట్టుకుంటే పోయేదేముంది? కోపంతో ఇంకా గట్టిగా ఆడతావనుకున్నా." ఈయన మోచెయ్యి ఇంకా వదల్లేదు. "ఇప్పటికీ ఆడుతున్నావా?"

ఈయన తల దించుకున్నారు. "లేదండీ. ఆ రోజే మానేశాను."

పెద్దాయన చెయ్యి మెల్లగా జారిపోయింది. "మానేశావా" అన్నారు. "నేను పేపర్లో ఆటల పేజీ చూసేవాణ్ణిరా రోజూ. నీ పేరు ఎప్పుడైనా పడుద్దేమోనని."

"కళ్ళు పోయాక నాచేత చదివించుకుంటున్నారు అన్నయ్యగారూ" అంది రాజ్యలక్ష్మి. "ఇయ్యాళ పొద్దున కూడా చదివాను. చదరంగం ఏమైనా ఉందా అని అడిగారు, లేదన్నాను."

మా ఆయన నేల మీద కూర్చుండిపోయి, మంచం పట్టీ మీద తల ఆనించి ఏడ్చారు. నేను ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు, వాళ్ళమ్మగారు పోయినప్పుడు కూడా. ఓదార్చడానికి వెళ్ళలేదు నేను. నాకూ ఏడుపొస్తోంది. ఈ మనిషి మీద ఇన్నేళ్ళ కోపమూ ఉంది, జాలీ ఉంది. తప్పుని ఒకరు తన మీద వేసుకున్నారు, ఒకరు ఎదుటివాడి మీద వేశారు, మధ్యలో ఆట పోయింది.

కాఫీలయ్యాక పెద్దాయనే బల్ల తెమ్మన్నారు. కొట్టులోని ఆ పాత బల్లే, గళ్ళు సగం చెరిగిపోయాయి. పావులు ఎక్కడున్నాయో చేత్తో తడిమి చూసుకుంటూ పేర్చారు. తెల్లవి తను తీసుకుని, నల్లవి ఈయన వైపు తిప్పారు. ఎత్తు వేసినప్పుడల్లా ఈయన గట్టిగా చెప్పాలి, ఆయనకి కనబడదు. ఆరో ఎత్తులో ఈయన బంటుని ఇచ్చేశారు. ఎనిమిదో ఎత్తులో గుర్రాన్ని వెనక్కి తెచ్చి దాని గడిలో పెట్టారు. పెద్దాయన పళ్ళు లేని నోటితో నవ్వారు.

పధ్నాలుగు దాటింది. మూడున్నర బస్సు వెళ్ళిపోయింది. ఐదున్నరది ఉందిలే అనుకున్నాను. ఎన్నో ఎత్తో నేను వేలు మడిచి లెక్కపెట్టుకుంటున్నాను. పంతొమ్మిది దగ్గర ఈయన చెయ్యి బల్ల మీదకి వెళ్ళి ఆగిపోయింది. ఎదురుగా ఒక తెల్లబంటు ఉంది. ఏలూరులో తీసుకున్న బంటే అదో కాదో, నాకు తెలియదు. ఈయన వేలు దాని దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మోకాలి మీద పడింది. అలాగే కూర్చుండిపోయారు. ఎండ వరండా అంచు దాటి మెట్ల మీదకి దిగింది.

"ఆలోచించుకోరా కోటీ" అన్నారు బసవపున్నయ్యగారు. "తొందరేముంది, నేను ఇక్కడే ఉంటా."